వడ్డించేవాడి చూపు

మా ఇంట్లో క్వార్టర్‌బ్యాక్‌ని క్వార్టర్‌బ్యాక్ అనం, వడ్డించేవాడు అంటాం. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి విసిరేవాడికి ఆ పేరు పెట్టింది మావారు. పెళ్ళయి నేను అమెరికా వచ్చిన కొత్తలో, ఆదివారం చర్చి నుంచి ఇంటికి రాగానే ఆయన బట్టలైనా మార్చుకోకుండా టీవీ ముందు చతికిలబడితే నాకు ఒళ్ళు మండిపోయేది. ఫుట్‌బాల్ అని పేరేగాని, అందులో కాలితో తన్నేది ఎప్పుడో ఒకసారి. మిగిలిన టైమంతా బోర్లించిన బిందెల్లాంటి హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు ఒకరి మీద ఒకరు పడడం, లేవడం, గుంపుగా నిలబడి గుసగుసలాడుకోవడం, మళ్ళీ పడడం. "ఇందులో ఏముందని చూస్తున్నారండీ?" అని ఒకరోజు గట్టిగానే అడిగాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. రిమోట్‌తో ఆట ఆపి, తెర దగ్గరికి వెళ్ళి, వేలు పెట్టి చూపించారు.

"ఇదిగో, వీడు వడ్డించేవాడు. బంతి ముందు వీడి చేతికొస్తుంది. వీడి వాళ్ళు నలుగురైదుగురు తలో దిక్కుకీ పరిగెడతారు. అదంతా పంక్తి అనుకో. ఎవరి ప్లేటు ఖాళీగా ఉందో చూసి వాడికి వెయ్యాలి. అవతలి వాళ్ళొచ్చి మీద పడేలోపే వెయ్యాలి."

"ప్లేటు ఖాళీ అంటే?"

"వాడి చుట్టుపక్కల అవతలి టీం వాడు లేడని. వేస్తే హాయిగా పట్టుకుంటాడని."

"ఎవరి ప్లేటూ ఖాళీ లేకపోతే?"

"పక్కనే ఉన్నవాడికి కాస్త పెట్టెయ్యాలి. అదీ కుదరకపోతే గీత బయటికి పారెయ్యాలి. పారేసినా పర్లేదు. తప్పుడు చేతికి మాత్రం పోకూడదు."

అంతే, నాకు ఆట అర్థమైపోయింది. మా వైపు పెళ్ళిళ్ళలో వడ్డన చూసి పెరిగినదాన్ని. చేతకానివాడు చేతిలో ఉన్న గరిటె వంక చూస్తాడు. చేతనైనవాడు పంక్తి మొత్తాన్ని ఒక్కసారి కలియజూసి, అడగకముందే పప్పు లేని చోటికి వెళ్ళి నిలబడతాడు. మావారు ఆ రెండో రకం. మా తెలుగు చర్చిలో ఆరాధన తర్వాత భోజనాలుంటే కూర బకెట్ ఎప్పుడూ ఆయన చేతికే ఇచ్చేవారు.

మేముండేది మిషిగన్‌లో, ట్రాయ్‌లో. ఆయన కార్ల సీట్లు డిజైన్ చేస్తారు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. పొద్దస్తమానం ఇతరుల పనిలో తప్పులు పట్టడమే నా ఉద్యోగం, దానికి జీతం కూడా ఇస్తారు. ఇంట్లో అదే పని ఊరికే చేస్తానని మావారు ఆటపట్టించేవారు. మేము వెనకేసుకొచ్చే టీం మాత్రం ఈ ఊరిది కాదు. ఆయన ఈ దేశంలో మొట్టమొదట దిగిన ఊరిది. ఉద్యోగం మారినా, రాష్ట్రం మారినా, ఆ టీంని మాత్రం మార్చుకోలేదు. ఆఫీసులో వాళ్ళు ఎంత ఏడిపించినా నవ్వి ఊరుకునేవారు.

ఆట మొదలయ్యే వేళకి మేమింకా చర్చిలోనే ఉంటాం. మా పాస్టర్ గారు "చివరి మాటగా" అన్నాక కనీసం ఇంకో పావుగంట మాట్లాడతారు. అందుకని ఆట రికార్డింగ్ పెట్టుకుని వెళ్ళి, ఫోన్లు ఆపేసి, దారిలో ఎవరి నోటా స్కోరు వినకుండా దొంగల్లా ఇంటికొచ్చేవాళ్ళం. అలా రికార్డింగ్‌లో చూడడం వల్ల మాకో ఆట అబ్బింది. బంతి వేసే క్షణానికి కాస్త ముందు వీడియో ఆపి, "ఎవరికి?" అనాలి. రెండోవాళ్ళు టక్కున చెప్పాలి. తర్వాత నడిపించి చూడాలి.

వడ్డించేవాడు మనం చెప్పినవాడికే వేస్తే సరే. వెయ్యకపోతే తప్పు అతనిదా మనదా అని వాదన. ఆ వాదనల్లోనే నాకు అన్నం చల్లారిపోయేది. మావారికి ఒక గట్టి పట్టుదల ఉండేది. బంతి చేతికొచ్చి జారిపోతే నేను వడ్డించేవాణ్ణి తిట్టేదాన్ని. "జారితే పట్టుకునేవాడి తప్పు. వీడి చూపు కరెక్టే" అనేవారు. ఒక్కోసారి బంతి గుడ్డిగా వేసినా ఎలాగో దొరికి, ఊరంతా చప్పట్లు కొట్టేది. "నెగ్గాడు గానీ నిర్ణయం చెత్తది" అని పెదవి విరిచేవారు. ఏం జరిగిందన్నది కాదు, వేసే ముందు ఏం చూశాడన్నదే లెక్క. ఆ ఒక్క మాట మా టెస్టింగ్ వాళ్ళకి రాసి గోడకి అంటించవచ్చు.

ఇప్పుడు ఆ టీంలో ఉన్న వడ్డించేవాడు పాతకాపు. పరిగెత్తే రకం కాదు. ఈ కాలం కుర్రాళ్ళు ఎదుట ఖాళీ దొరక్కపోతే బంతి చంకన పెట్టుకుని తామే ఉరుకుతారు. ఇతను నిలబడతాడు. ఎద్దులాంటి మనిషి మీదికి వస్తున్నా కాళ్ళు కదపడు. ముందు కుడివైపు దూరంగా పోయేవాణ్ణి, తర్వాత మధ్యలోవాణ్ణి, తర్వాత ఎడమవాణ్ణి, చివరికి పక్కనున్నవాణ్ణి చూస్తాడు. చూసి వేసేస్తాడు, వేశాక దెబ్బ తింటాడు. ఆ ఓపిక అంటే మావారికి ప్రాణం. నాకైతే ఆ తల తిరిగే తీరు ఇష్టం, మా అమ్మ పిల్లలందరూ ఇంటికొచ్చారా లేదా అని గుమ్మంలో నిలబడి చూసే తీరులా ఉండేది.

ఈ సీజన్ మొదలైన కొద్ది వారాలకి ఆ తల తిరగడం తగ్గింది. మొదట చూసినవాడి మీదే చూపు అతుక్కుపోతోంది. అవతలివాళ్ళు అతని కళ్ళని బట్టే బంతి ఎటు వస్తుందో పసిగట్టి ముందే అక్కడికి చేరిపోతున్నారు. రేడియోలో కేకలు మొదలయ్యాయి. వయసైపోయిందని ఒకరు, కొత్త కోచ్ తప్పని ఒకరు, ఇంకా ఓపిక పట్టాలని ఒకరు. నేను ఓపిక పట్టాలనే పార్టీ.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం వీడియో ఆపి, "ఎవరికండీ?" అన్నాను. మావారు చాలాసేపు చూశారు. మామూలుగా నా నోట్లో మాట నోట్లో ఉండగానే చెప్పేస్తారు.

"కుడి చివర పొడుగాడు" అన్నారు.

పొడుగాడి మీద అవతలివాళ్ళు ఇద్దరున్నారు. ఎడమవైపు మావాడొకడు ఒంటరిగా, పొలంలో దిష్టిబొమ్మలా, చేతులెత్తి నిలబడి ఉన్నాడు. నేను పగలబడి నవ్వాను. "అదేంటండీ, ఎడమవాడు కనబడలేదా?"

"ఎక్కడ?"

"ఎక్కడేంటి, అంత మనిషి!"

ఆయన లేచి తెర దగ్గరికి వెళ్ళారు. పోయిన సూదిని వెతికినట్టు వేలితో తెర మీద వెతికారు. నేను వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని చూపిస్తే గాని, "ఆఁ, ఔను" అనలేదు. ఆ తర్వాత ఆపినప్పుడూ పొడుగాడే. ఆ తర్వాతా పొడుగాడే. నాకు చిరాకొచ్చింది. ఆఫీసు గొడవలు ఇంటికి మోసుకొచ్చి నా ఆట పాడుచేస్తున్నారనుకున్నాను. ఆ మాటే అన్నాను కూడా. ఆయన కళ్ళు నులుముకున్నారు.

కళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. పవర్ మారలేదన్నాడు. సరే, వచ్చాం కదా అని కొత్త ఫ్రేము కొనిపించాను. కొత్త ఫ్రేము ఆయనకి బాగా నప్పింది. అది తప్ప మార్పేమీ లేదు.

అక్టోబర్‌లో మా చర్చిలో కోత పండుగ చేసుకున్నాం. ఇక్కడ కోసేదీ లేదు, నూర్చేదీ లేదు. షాపులో కొన్న గుమ్మడికాయలు, అరటిపళ్ళు తెచ్చి వేదిక ముందు పెడతాం. ఆ తర్వాత భోజనాలు. మడత బల్లలు వరసగా వేసి, పెద్దవాళ్ళని కూర్చోబెట్టి మగవాళ్ళు వడ్డిస్తారు. అలవాటు ప్రకారం కోడికూర బకెట్ మావారికి ఇచ్చారు. బల్ల మొదట్లో మా సంఘంలో అందరికంటే పెద్దావిడ కూర్చుని ఉంది. ఆవిడకి వేశారు. రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి మళ్ళీ ఆవిడకే వేశారు. బల్ల మధ్యలో జనం ఒట్టి అన్నం ముందు పెట్టుకుని చేతులెత్తి, "ఇటు బాబూ, ఇటు" అంటున్నారు. ఆయన అటు చూసి, మళ్ళీ పెద్దావిడ దగ్గరే వంగారు.

"ఏంటి బాబూ, నన్ను మళ్ళీ కోత పండుగ దాకా తినక్కర్లేకుండా చేసేస్తావా ఏంటి?" అందావిడ. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. నవ్వుతూనే గరిటె పట్టుకుని, ఎటు వెళ్ళాలో తెలియక నిలబడిపోయారు. ఆ నిలబడడం చూసినప్పుడు నాకు భయం వేసింది. అప్పటిదాకా వేసింది చిరాకు, అప్పుడు వేసింది భయం. గబగబా వెళ్ళి, "ఇలా ఇవ్వండి, మీకు ఫోనొచ్చింది" అని బకెట్ లాక్కున్నాను. ఆయన ఫోను జేబులోంచి తీసి చూసుకుని, ఎవరూ చెయ్యలేదని గ్రహించి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

మా అమ్మాయి వేరే రాష్ట్రంలో కాలేజీలో చదువుతోంది. దానికి ఫోన్ చేసి చెప్పాను. నాన్నకి ఏదో అవుతోందే అన్నాను.

"అమ్మా, నాన్న జస్ట్ టయర్డ్. నువ్వు ఎవ్రీథింగ్‌లో బగ్ వెతుకుతావ్ కదా. నాన్నలో కూడా వెతుకుతున్నావ్."

"అంత మనిషి ఎదురుగా ఉంటే కనబడలేదే."

"అమ్మా, అది ఫుట్‌బాల్! నాకూ కనబడదు."

అది నవ్వింది. నేనూ నవ్వి పెట్టేశాను. ఏమని చెప్పను? జ్వరమైతే ఇంత అని చెప్పొచ్చు. నొప్పైతే ఇక్కడ అని చూపించొచ్చు. టీవీలో ఎడమవైపు మనిషిని ఆయన చూడలేదు అనేది ఎవరికి చెప్పినా నా పిచ్చిలాగే ఉంటుంది.

చలి ముదిరాక ఒక సాయంత్రం ఆయన గరాజ్‌లోకి కారు పెడుతూ పక్క అద్దం విరగ్గొట్టారు. "గరాజ్ ఇరుగ్గా కట్టి చచ్చాడు" అన్నారు. మా అమ్మాయి బడికి వెళ్ళకముందు నుంచీ మేము ఆ ఇంట్లోనే ఉంటున్నాం. ఇంకోసారి, నేను పక్కన ఉండగానే, స్టాప్ సైన్ దగ్గర ఆగకుండా వెళ్ళిపోయారు. అటు నుంచి వచ్చేవాడు హారన్ మోగించి మోగించి పోయాడు. "ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడు వీడు?" అన్నారు మావారు. అప్పట్నుంచీ ఆయన ఆఫీసుకి బయల్దేరితే, చేరానని మెసేజ్ వచ్చేదాకా నేను ఏ పనీ చెయ్యలేకపోయేదాన్ని. తాళాలు దాచెయ్యాలనిపించేది. దాచి ఏమని చెప్పాలి? ఆ మనిషి నాకు డ్రైవింగ్ నేర్పించారు.

ఆ వారమే మా టీం ఘోరంగా ఓడింది. వడ్డించేవాడు పట్టుబట్టినట్టు ఒకే వైపు వేసి, బంతులన్నీ అవతలివాళ్ళ చేతుల్లో పెట్టాడు. నేను అన్నం కలుపుతూ, "పాపం, ఇంకో ఛాన్స్ ఇవ్వాలండీ" అన్నాను.

"ఎందుకివ్వాలి? తీసెయ్యాలి" అన్నారు మావారు.

"అన్నేళ్ళు ఆడినవాడు కదండీ."

"ఎన్నేళ్ళాడితే ఏంటి? కనపడనోడు అక్కడ నిలబడకూడదు. వాడొక్కడే అయితే వాడిష్టం. వాణ్ణి నమ్ముకుని పరిగెత్తేవాళ్ళున్నారు కదా, వాళ్ళ ఒళ్ళు హూనమైపోద్ది." అంతటితో ఆగక, "కోచ్‌కి తెలీదనుకున్నావా? తెలుసు. చెప్పడానికి నోరు రావట్లా" అన్నారు.

ఆ మాట ఆయన నా గురించి అన్నారో, ఆ కోచ్ గురించే అన్నారో ఇప్పటికీ తెలియదు. ఆ క్షణంలో నాకు ఆ వడ్డించేవాడి మీద పట్టరాని కోపం వచ్చింది. వాడు సరిగ్గా ఆడి ఉంటే మా ఇంట్లో ఈ మాటలు వచ్చేవి కావు. ఇలాంటి కోపానికి అర్థం లేదని తెలుసు. కానీ ఎవరి మీదో ఒకరి మీద కోప్పడకపోతే ఏడ్చేసేదాన్ని.

మళ్ళీ కళ్ళ డాక్టర్ దగ్గరికే వెళ్ళాం. ఈసారి నేను కూడా లోపలికి వెళ్ళి, టీవీ సంగతి, అద్దం సంగతి చెప్పాను. అతను నవ్వలేదు. మెదడు డాక్టర్‌కి చూపించమని చీటీ రాసిచ్చాడు. మావారు ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా సరేనన్నారు. మామూలుగా పంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలంటేనే వాయిదాలు వేసే మనిషి.

మెదడు డాక్టర్ మా అమ్మాయి కంటే ఓ పదేళ్ళు పెద్దదేమో. మెల్లగా మాట్లాడింది. చాలాసేపు ఏవేవో అడిగాక, మావారి ముందు ఒక బొమ్మ పెట్టింది. పార్కు బొమ్మ. చెరువు ఒడ్డున దుప్పటి పరుచుకుని ఒక కుటుంబం కూర్చుంది. తల్లి అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతోంది. కుక్క దుప్పటి మీది రొట్టె లాగుతోంది. చంటిపిల్ల నీళ్ళలోకి అడుగు పెట్టబోతోంది.

"ఈ బొమ్మలో ఏం జరుగుతోందో చెప్పండి" అంది.

"గొడుగు" అన్నారు మావారు. ఆగారు. "కుక్క. ఇదేదో నీలం... నీళ్ళు." మళ్ళీ ఆగారు. "ఇంకో గొడుగు?" అదే గొడుగు.

నేను పక్క కుర్చీలో కూర్చుని చూస్తున్నాను. పిల్ల, పిల్ల, పిల్లని చూడండి, అని గొంతు దాకా వచ్చింది. డాక్టర్ నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఆదివారాలు టీవీ ముందు, ఆటగాళ్ళకి వినబడదని తెలిసీ గొంతు చించుకుని అరిచేదాన్ని. ఇక్కడ వినబడేంత దగ్గర్లో ఉన్నాను, అరవకూడదు. ఆయన వేలు గొడుగు మీద నుంచి కుక్క మీదికి, కుక్క మీద నుంచి గొడుగు మీదికి తిరుగుతూనే ఉంది. పిల్ల దగ్గరికి ఒక్కసారీ పోలేదు. నా చీర కొంగు నేనే నలిపి ముద్ద చేసుకున్నాను.

స్కానింగులయ్యాక డాక్టర్ కూర్చోబెట్టి చెప్పింది. కళ్ళు బాగానే ఉన్నాయి. కళ్ళు పంపినవన్నీ కలిపి ఒక్కటిగా చూసే చోటు, మెదడు వెనక భాగం, పాడవుతోంది. ఒక్కో వస్తువూ కనబడుతుంది, అన్నీ కలిసి కనబడవు. మతిమరుపు జబ్బుకే ఇది దాయాది లాంటిది. మందులు కాస్త నెమ్మది చెయ్యొచ్చు, పోయింది తిరిగి తేలేవు. గ్రీన్‌కార్డ్ ఎప్పుడో వచ్చింది కాబట్టి దేశం విడిచిపోవాలన్న భయం ఒకటి లేదు. అదొక్కటే లేదు.

"డ్రైవింగ్ గురించి మాట్లాడాలి. ఇంట్లో మీరు ఏమేం గమనించారు?" అని నన్నడిగింది.

మావారు నా వైపు తిరిగారు. కొత్త కళ్ళద్దాల్లోంచి నన్నే చూస్తున్నారు. నేను చెప్పాను. అద్దం, స్టాప్ సైన్, కోత పండుగ, టీవీలో ఆపినప్పుడల్లా ఆయన ఎవరిని చూపించారు, ఎవరిని చూపించలేదు, ఏ వారం నుంచి. నా ఉద్యోగంలో రిపోర్ట్ చెప్పినట్టే చెప్పాను. ఇంకోలా చెప్పడం నాకు చేతకాలేదు. డాక్టర్ రాసుకుంటూ, ఇంత స్పష్టంగా చెప్పేవాళ్ళు అరుదని మెచ్చుకుంది. ఇకమీదట ఆయన కారు నడపకూడదంది.

తిరిగొచ్చేటప్పుడు నేను డ్రైవ్ చేశాను.

"ఇన్నాళ్ళూ నన్ను టెస్ట్ చేస్తున్నావా?" అన్నారు.

"అయ్యో, లేదండీ. ఏమైందోనని..."

"సర్లే. మనం ఆడుకుంటున్నాం అనుకున్నా."

రోడ్డు మీదే చూపు పెట్టి నడిపాను. ఇల్లు చేరాక ఆయన తన కారు తాళాలు తీసి, నా చేతికివ్వకుండా, గోడకున్న కొక్కేనికి తగిలించి లోపలికి వెళ్ళిపోయారు. నేను అడక్కుండానే తగిలించారు. అడిగి, పోట్లాడి తీసుకోవాల్సొస్తుందని ఎన్ని మాటలు కూడబెట్టుకున్నానో, అన్నీ మిగిలిపోయాయి.

ఆ తర్వాతి ఆదివారాలు ఆట చూశాం గానీ, వీడియో ఆపలేదు. రిమోట్ ఇద్దరి మధ్యా సోఫాలో పడి ఉండేది, ఎవరం ముట్టుకునేవాళ్ళం కాదు. టీం వాళ్ళు చివరికి పాతకాపుని పక్కన కూర్చోబెట్టి కుర్రాణ్ణి దింపారు. కుర్రాడు బాగానే ఆడుతున్నాడు. కెమెరా మాటిమాటికీ పాతకాపు మొహం మీదికి పోతుంది. టోపీ పెట్టుకుని, చెవులకి ఏదో తగిలించుకుని, కుర్రాడు తిరిగొచ్చినప్పుడల్లా భుజం తడుతున్నాడు.

"తనకి కనపడట్లేదని వాడికి తెలిసుంటుందంటారా?" అని అడిగాను. అడక్కూడని మాటేమో. నోరు జారింది.

ఆయన నొచ్చుకోలేదు.

"తెలుస్తుంది. అక్కడెక్కడో ఒకడు ఖాళీగా ఉన్నాడని తెలుస్తూనే ఉంటుంది. ఎక్కడున్నాడో వెతుకుతాం. వెతికేలోపు వచ్చి మీద పడతారు." వాడు వెతుకుతాడు అనలేదు, వెతుకుతాం అన్నారు. "చూసేవాళ్ళకి తేలికే" అని కూడా అన్నారు, నా వైపు తిరగకుండా.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. అంతకంటే ఏం చెయ్యాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. మాత్రలు టైముకి ఇస్తాను. మెట్ల అంచులకి పసుపు రంగు టేపు అంటించాను. డాక్టర్ చెప్పినట్టు, కంచంలో ఒకసారికి ఒక్క పదార్థమే పెడుతున్నాను. అమ్మాయి వారం వారం వస్తానంటోంది, వద్దంటున్నాను, వస్తోంది. ఇవన్నీ చేస్తూ ఉంటే ఏదో చేస్తున్నట్టే ఉంటుంది. ఆయన మాత్రం మా కళ్ళ ముందే కొంచెం కొంచెంగా దూరమవుతున్నారు.

పోయిన ఆదివారం చర్చి అయ్యాక నేనే కారు తీశాను. మా చర్చి పార్కింగ్ లాట్ నుంచి మెయిన్ రోడ్డు మీదికి ఎడమవైపు తిరగాలి. సిగ్నల్ లేదు. రెండు వైపులా చూసుకుని దూరాలి. కుడివైపు చూడాలంటే పక్కన కూర్చున్న మనిషి అడ్డం వస్తాడు. పాత అలవాటు, ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది.

"అటు ఎవరన్నా వస్తున్నారాండీ?"

ఆయన ముందుకు జరిగారు. కిటికీ వైపు తిరిగి, జాగ్రత్తగా, చాలాసేపు చూశారు. ఈ మధ్య ఏదీ అంత శ్రద్ధగా చూడడం నేను చూడలేదు.

"ఎవరూ లేరు. వెళ్ళు" అన్నారు.

బ్రేక్ మీద నుంచి నా కాలు లేవలేదు. సీటు బెల్టు లాగేస్తున్నా ముందుకి వంగి, ఆయన భుజం మీదుగా మెడ చాచి నేను చూశాను. రోడ్డు నున్నగా, దూరంగా ఉన్న సిగ్నల్ దాకా ఖాళీగా ఉంది. ఒక్క కారు లేదు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

నేను వెనక్కి జారి కూర్చునేసరికి ఆయన నన్నే చూస్తున్నారు. కోపం లేదు. కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"నేను చూశాను కదా" అన్నారు.